సూది కొసన గోదావరి

*అరచేతిలో ఇమిడే లేసు గుడ్డ ఒకటి అల్లడానికి ఎంతసేపు పడుతుంది? నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి, ఇప్పటికైనా ఎవరో ఒకరు అడగాల్సిన ప్రశ్న ఇది.*

మధ్యాహ్నం రెండున్నర. నరసాపురం దగ్గర్లోని మా పెద్దమ్మ వాళ్ల ఊరు భోజనాలు కానిచ్చి కునుకు తీస్తోంది. కొబ్బరాకుల నీడ అరుగు మీద అటూ ఇటూ ఊగుతోంది. ఆ అరుగు చివర గోడకు చేరగిలబడి పెద్దమ్మ కూర్చుంది. ఒళ్లో ఉతికిన తెల్లటి తువ్వాలు పరుచుకుంది. దారం ఉండ దొర్లిపోకుండా పక్కన సత్తుగిన్నెలో పెట్టుకుంది. కుడిచేతిలో లేసు సూది. ఎడమచేతి చూపుడువేలి మీదుగా దారం జారుతోంది. ఆ వేలి మీద సన్నటి గాడి ఉంది. ఏళ్ల తరబడి దారం ఒకేచోట ఒరుసుకుని చేసిన గాడి అది. తోటకూర కాడ మీద గోటితో గీసినట్టు ఉంటుంది.

ఆవిడ చూపు చేతుల మీద లేదు. వీధిలో పోయేవాళ్లని పలకరిస్తోంది. ఎవరి కోడలికి నెలలు నిండాయో, ఎవరి చెరువులో రొయ్య పోయిందో నాకు చెబుతోంది. కింద సూది మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. దారం చుట్టుకోవడం, దూరడం, లాగడం, మళ్లీ చుట్టుకోవడం. మాట ఆగితే చెయ్యి ఆగదు, చెయ్యి ఆగితే మాట ఆగదు.

"ఇలాంటిది ఒకటి అల్లడానికి ఎంతసేపు పడుతుంది పెద్దమ్మా?" అని అడిగాను.

"ఎంతసేపేంటే? ఖాళీగా ఉన్నప్పుడు అల్లేదేగా!"

ఆ రోజు ఆవిడ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచింది. వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి ముగ్గేసింది. గేదె దగ్గర పేడ తీసి, పాలు పితికి పంపించింది. టిఫిను, వంట, అంట్లు, బట్టలు. మనవడి లంచ్ బాక్సు సర్దింది. పెదనాన్నగారికి మందులిచ్చింది. ఇవన్నీ అయ్యాక, మళ్లీ సాయంత్రం గేదె అరిచే దాకా మిగిలిన రెండు మూడు గంటల పేరు 'ఖాళీ'. ఆ ఖాళీలోనూ చెయ్యి కదులుతూనే ఉంది.

'ఖాళీ' అన్న ఆ మాట నాతోపాటే హైదరాబాదు వచ్చేసింది. ఈ కథనం రాయించింది కూడా అదే.

టీవీ గోడకెక్కింది, గుడ్డ పెట్టెకెక్కింది

మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. అంచున పూసలు గుచ్చి మంచినీళ్ల బిందె మీద కప్పిన లేసు మూత. రేడియో మీద పరిచిన గుడ్డ. పడక్కుర్చీలో తల ఆనేచోట నూనె అంటకుండా వేసిన తెల్లటి ముక్క. బల్ల మీద పూలకుండీ కింద గుండ్రటిది, పొద్దుతిరుగుడు పువ్వులా విచ్చుకున్నది. లేసు వ్యాపారంలో ఉన్నవాళ్లు దాన్ని డాయిలీ అంటారు. ఇళ్లలో ఎవరూ అలా అనలేదు. లేసు గుడ్డ అంటే చాలు.

ఎవరల్లారని అడిగితే ఒకప్పుడు మనిషి పేరు వచ్చేది. ఇది మీ పిన్ని పెళ్లికి ముందు అల్లింది, అది ఎదురింటి టీచరమ్మ ఇచ్చింది, ఇదిగో ఈ పెద్దది మీ మేనత్త సారెలో తెచ్చుకుంది అని. తర్వాత టీవీ పలచబడి గోడకెక్కింది. పైన గుడ్డ వేసే జాగా పోయింది. బిందె పోయి ఫిల్టరొచ్చింది. లేసు గుడ్డలు ట్రంకు పెట్టెల్లో కలరా ఉండల పక్కకు చేరాయి.

ఇప్పుడు అవే మళ్లీ బయటికొస్తున్నాయి. నగరాల్లో పాతికేళ్ల అమ్మాయిలు ఫోనులో వీడియోలు చూసి క్రోషే నేర్చుకుంటున్నారు. ఊలుతో పొద్దుతిరుగుడు పూలు, బొమ్మలు, తాళంచెవుల గొలుసులు అల్లి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నారు. మరోవైపు 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. పేపర్లలో ఫొటోలు పడ్డాయి. పెద్దమ్మ వాళ్ల వీధిలో కూడా ఆ ముచ్చట నడిచింది. "మన లేసుకు ముద్ర వేశారంట" అని చెప్పుకున్నారు. ఆ ముద్ర పడితే పువ్వుకిచ్చే రేటు పెరుగుతుందా అన్నది మాత్రం ఎవరికీ తెలియలేదు.

> ముద్ర అంటే ఏమిటి?
>
> భౌగోళిక గుర్తింపు ఒక పేరుకు రక్షణ. ఫలానా ప్రాంతంలో, ఫలానా పద్ధతిలో తయారైన వస్తువుకే ఆ పేరు వాడాలి. పదేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి. వేరే చోట తయారైనదాన్ని 'నరసాపురం లేసు' అని అమ్మకుండా అది అడ్డుపడుతుంది. కూలి ఎంత ఇవ్వాలన్నది దాని పరిధిలోకి రాదు.
>
> నమోదు సందర్భంగా చెప్పిన లెక్క ప్రకారం పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాల్లోని 19 మండలాల్లో 15 వేలమందికి పైగా మహిళలు ఈ పని చేస్తున్నారు. నరసాపురం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం చుట్టుపక్కల ఊళ్లు దీనికి పట్టుగొమ్మలు. నరసాపురం శివారు రుస్తుంబాదలో అంతర్జాతీయ లేసు ట్రేడ్ సెంటర్ ఉంది.

ఆకలి ఉన్నచోటికే వచ్చిన సూది

క్రోషే అన్నది ఫ్రెంచి మాట. కొక్కెం అనే అర్థం నుంచి వచ్చింది. డాయిలీ మాత్రం ఒక మనిషి పేరు. 17వ శతాబ్దంలో లండన్‌లో డాయిలీ అనే ఇంటిపేరున్న బట్టల వ్యాపారి ఉండేవాడు. అతని కొట్టు సరుకుకు అతని పేరే పడింది. ఆ పేరు తిరిగి తిరిగి చివరికి పళ్లెం కింద వేసే చిన్న గుడ్డ దగ్గర స్థిరపడింది.

ఈ అల్లిక చరిత్రలో నన్ను పట్టి ఆపింది ఐర్లండ్ కథ. 1845లో అక్కడ బంగాళాదుంప పైరుకు తెగులు సోకింది. వరసగా కొన్నేళ్లు పంట కుళ్లిపోయింది. లక్షలమంది ఆకలితో, జబ్బులతో చనిపోయారు. ఇంకెన్నో లక్షలమంది ఓడలెక్కి దేశం విడిచారు. అప్పుడు కార్క్ దగ్గర బ్లాక్‌రాక్‌లోని అర్సులైన్ కాన్వెంటు సన్యాసినులు పేదింటి ఆడపిల్లలకు క్రోషే నేర్పారు. క్లోన్స్ అనే ఊళ్లో కసాండ్రా హ్యాండ్ అనే ఫాదిరీ గారి భార్య 1847లో ఇదే పని మొదలుపెట్టింది. ఖరీదైన లేసుకు బాబిన్లు, దిండ్లు, ఏళ్ల శిక్షణ కావాలి. క్రోషేకు ఒక కొక్కెం, ఒక దారం ఉండ చాలు. గుడిసెలో పొయ్యి పక్కన కూర్చుని అల్లొచ్చు. అలా అల్లిన లేసు లండన్ దొరసానుల కాలర్లకెక్కింది. ఆ డబ్బుతో గింజలు కొనుక్కున్న ఇళ్లున్నాయి, ఓడ టికెట్లు కొనుక్కున్న ఇళ్లూ ఉన్నాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే గోదావరి ఒడ్డున మన ఊళ్లు ఎలా ఉన్నాయి? ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా లేదు. 1832–33 నాటి నందన కరువు జిల్లాలను ఊడ్చేసి పోయింది. ఓ ఏడు వరద, ఓ ఏడు ఎండ. గోదావరి మీద ఆనకట్ట కట్టాలని ఆర్థర్ కాటన్ సిఫారసు చేసింది 1844లో. ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. నరసాపురం ప్రాంతంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులు లేసు నేర్పడం మొదలైన ఏడాదిగా చెప్పుకునేది కూడా 1844నే. మొదట నేర్చుకున్నది మిషనును ఆశ్రయించిన నిరుపేద క్రైస్తవ స్త్రీలు. ఎగువన భద్రాచలం దాటాక వచ్చే దుమ్ముగూడెంలోనూ మిషనరీలు లేసు పని నేర్పారు.

ఒకే దశాబ్దం, రెండు సముద్రాల అవతల ఒకటి, ఇవతల ఒకటి, రెండు ఆకలి నేలలు. రెండు చోట్లా ఆడవాళ్ల చేతికి ఒకే సూది వచ్చింది. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు పెద్దమ్మ వేలి మీద గాడి గుర్తొచ్చింది. బ్లాక్‌రాక్‌లో ఏ అమ్మాయి వేలికో అదే చోట, అదే గాడి పడి ఉంటుంది.

> బట్టకు పేరు పెట్టిన ఊరు
>
> లేసు రాకముందే నరసాపురం పరిసరాలు బట్టకు పేరుమోశాయి. వశిష్ఠ గోదావరి పాయ మీద ఓడల రేవు ఉండేది. పక్కనున్న మాధవాయపాలెంలో ఈస్టిండియా కంపెనీ గిడ్డంగి పెట్టుకుంది. అక్కడినుంచి ఓడలెక్కిన నూలుబట్టకు 'మదపొల్లాం' అన్న పేరు స్థిరపడింది. మాధవాయపాలెం తెల్లవాళ్ల నోట్లో పడి అలా మారింది. ఇప్పటికీ ఇంగ్లిషు బట్టల నిఘంటువుల్లో ఆ మాట ఉంది.

నాలుగంగుళాల లెక్క

పెద్దమ్మ చెప్పని జవాబు నేనే వెతుక్కుందామనుకున్నాను. పదో నంబరు నూలు దారం ఉండ కొన్నాను. ఒకటిన్నర మిల్లీమీటరు స్టీలు సూది కొన్నాను. గుండ్రటి గుడ్డ, అన్నిటికన్నా సాదా రకం. గ్లాసు కింద పెట్టేంత.

ముందు దారంతో చిన్న ముడి ఉంగరం. అందులోంచి పన్నెండు పొడుగు కుట్లు. ఒక్కో పొడుగు కుట్టుకు సూది నాలుగుసార్లు దారం అందుకోవాలి. దూరకముందు ఒకసారి, దూరి ఒకసారి, తర్వాత రెండేసి వలయాల్లోంచి లాగుతూ ఇంకో రెండుసార్లు. రెండో వరసలో ఇరవైనాలుగు, మూడో వరసలో ముప్ఫైఆరు. ప్రతి వరసకూ పన్నెండు పెరగాలి. అలా ఎనిమిది వరసలు వేస్తే నాలుగంగుళాల చక్రం వస్తుంది. మొత్తం కుట్లు 432. సూది దారం అందుకున్న సార్లు 1,728. ఇది అంచు వేయకముందు లెక్క.

నాకు మూడు సాయంత్రాలు పట్టింది. మొదటిది తట్టలా లోపలికి ముడుచుకుంది. ఓ వరసలో పెంచాల్సిన కుట్లు మరిచిపోయాను. రెండోది లంగా కుచ్చిళ్లలా అలలు తేలింది. అక్కడ ఎక్కువ పెంచాను. మూడోది కాస్త నిలబడింది. కానీ ఓ పక్క బిగుతు, ఓ పక్క వదులు. నడుము, మెడ, కుడి బొటనవేలి మొదలు, మూడూ ఏకమై నొప్పి పుట్టాయి. కళ్లు మండాయి. తెల్లదారం మీద తెల్లదారం కుట్టును వెతకడం ఎంత కష్టమో ట్యూబులైటు కింద కూర్చుంటేగానీ తెలియదు.

తర్వాత ఊరెళ్లినప్పుడు అదే నమూనా పెద్దమ్మకిచ్చి, ఆవిడకు చెప్పకుండా ఫోనులో గడియారం పెట్టాను. చక్రం పూర్తయ్యేసరికి నలభైఅయిదు నిమిషాలు. మధ్యలో రెండుసార్లు లేచి వీధి గుమ్మం దాకా వెళ్లొచ్చింది. ఆ సమయం తీసేశాను. ఆవిడ గుడ్డను నా గుడ్డ పక్కన పెట్టి చూశాను. కుట్టుకూ కుట్టుకూ మధ్య సందులన్నీ ఒకే కొలత. బల్ల మీద పెడితే కాగితంలా పరుచుకుంది. ఏ యంత్రం కొలిచి ఇచ్చిందా బిగువు? ఆ గాడి పడిన వేలే కొలిచింది.

> గుండ్రంగా ఉండటం వెనక గణితం
>
> వరసకు ఎన్ని కుట్లు పెంచాలన్నది కుట్టు ఎత్తును బట్టి ఉంటుంది. పొట్టి కుట్టయితే ఆరు, పొడుగు కుట్టయితే పన్నెండు అన్నది వాడుకలో ఉన్న లెక్క. తక్కువైతే గిన్నెలా ముడుచుకుంటుంది. ఎక్కువైతే అలలు తేలుతుంది.
>
> ఆ అలలు తేలడమే ఒక గణితవేత్తకు అక్కరకొచ్చింది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన లాత్వియా దేశస్థురాలు డైనా టైమీనా 1997లో కావాలనే కుట్లు పెంచుకుంటూ పోయి, హైపర్బోలిక్ తలం అనే జ్యామితి రూపాన్ని క్రోషేతో చేసి చూపించారు. విద్యార్థులు దాన్ని చేత్తో పట్టుకుని, మడిచి అర్థం చేసుకోగలిగారు. ఆ స్ఫూర్తితో మార్గరెట్, క్రిస్టీన్ వెర్తైమ్ అనే అక్కచెల్లెళ్లు 2005లో ఊలుతో పగడాల దిబ్బ అల్లే ప్రాజెక్టు మొదలుపెట్టారు. పగడాల అంచులు కూడా అలాగే అలలు తేలి ఉంటాయి.

ఇక రూపాయల లెక్క. నాలుగంగుళాల చక్రాలు పదికి పది కలిపితే నలభై అంగుళాల చదరం. చిన్న బల్ల గుడ్డ. వంద చక్రాలు, నలభైఅయిదేసి నిమిషాలు. డెబ్బైఅయిదు గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున తొమ్మిది రోజులు దాటుతుంది. 2024–25లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనికి రోజు కూలి 300 రూపాయలు. ఏ నైపుణ్యమూ అడగని మట్టిపనికి ప్రభుత్వం కట్టిన ఆ కూలే ఈ నైపుణ్యానికి కట్టినా, ఒక్క అల్లికకే 2,800 రూపాయలు దాటాలి. దారం, అతుకు, ఉతుకు, ఇస్త్రీ, ఏజెంటు, ఎగుమతిదారు, ఇవేవీ ఇందులో లేవు.

ఈ లెక్క చెబితే పెద్దమ్మ సూది ఆపి నా మొహంలోకి చూసింది. "అంత ఎవరిస్తారే?" అంది. అడిగింది ఆశతో కాదు. నిజంగా ఎవరైనా ఇస్తారా అని తెలుసుకోవడానికి అడిగింది.

చేతిపని, అతుకుపని

బయటివాళ్లకు లేసు గుడ్డ ఒక మనిషి చేసిన వస్తువులా కనపడుతుంది. నరసాపురం పద్ధతి అది కాదు. పువ్వులు అల్లడం చేతిపని. ఆ పువ్వుల్ని ఒకదానికొకటి కలపడం అతుకుపని. ఒక వీధిలో నలుగురు పువ్వులు అల్లుతారు. వేరే ఊళ్లో ఇంకొకామె వాటిని అతుకుతుంది. ఏజెంటు దారం తూచి ఇచ్చి పోతాడు, పువ్వులు తూచి పట్టుకుపోతాడు. పెద్ద దుప్పటయితే అందులో ఎన్ని ఇళ్ల చేతులుంటాయో అల్లినవాళ్లకే తెలియదు. తన పువ్వు ఏ గుడ్డలో చేరిందో, ఏ దేశంలో ఏ బల్ల మీద ఉందో పెద్దమ్మ ఎప్పుడూ చూడలేదు.

అతుకుపని చేసే ఆమెకు మాత్రం చేతులు తెలుస్తాయి. పెద్దమ్మ వాళ్ల వీధి చివర ఒకామె ఉంది. గుట్టలో పోసిన పువ్వులు ఏరుతూ ఇది ఫలానావాళ్లది, ఇది ఫలానావాళ్లది అని పక్కకు పెడుతుంది. బిగుతుగా అల్లేవాళ్ల పువ్వు ఓ నూలుపోగంత చిన్నది. వదులుగా అల్లేవాళ్లది పెద్దది. రెండూ పక్కపక్కన అతికితే గుడ్డ ముడత పడుతుంది. అందుకని బిగువుకు బిగువు జత చూసి కలుపుతుంది. జ్వరం వచ్చిన వారం అల్లిన పువ్వులు వదులొస్తాయని కూడా ఆమే చెప్పింది. ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో పువ్వును చూసి చెప్పగలదు.

తెల్లదారంతో ఇంకో కష్టముంది. మురికి. పెద్దమ్మ సూది పట్టేముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటుంది. వేసవిలో అరచేతులు చెమర్చితే పౌడరు రాసుకుంటుంది. వానాకాలం స్టీలు సూదికి తుప్పు పడితే దారం మీద గోధుమరంగు చార దిగుతుంది, ఉతికినా పోదు. అందుకే సూదిని పొడి పౌడరు డబ్బాలో దాస్తుంది. ఇంత చేసినా, ఒకసారి నెలరోజుల పని అంతా మాసిందని ఒక ఏజెంటు వెనక్కిచ్చేశాడు. డబ్బు ఇవ్వలేదు సరికదా, దారం ఖరీదు తిరిగి కట్టించుకున్నాడు. ఆ పువ్వులన్నీ కలిపి ఆవిడ ఉయ్యాలకు తెర అల్లింది. ఇప్పటికీ ఇంట్లో పసిబిడ్డ పుడితే ఆ తెరే కడతారు. చాలా అందంగా ఉంటుంది. మాసిన చార ఎక్కడుందో నేను ఎంత వెతికినా కనపడలేదు.

జర్మనీ నుంచి వచ్చినావిడ అడిగిన ప్రశ్న

నేను అడిగిన ప్రశ్నను నాకన్నా ముందు, నలభైఏళ్ల పైమాటే, ఇంకొకావిడ అడిగారు. ఆమె పేరు మారియా మీస్. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త. అంతకుముందు పుణెలో జర్మన్ భాష బోధించారు. 1970ల చివర్లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పరిశోధన కోసం నరసాపురం ప్రాంతానికి వచ్చి లేసు అల్లే ఆడవాళ్ల మధ్య తిరిగారు. 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' పుస్తకం వెలువడింది. ప్రపంచంలో ఎక్కడ స్త్రీల శ్రమ గురించి పాఠం చెప్పినా ఆ పుస్తకం ప్రస్తావన వస్తుంది. మన దగ్గర లేసు గురించి మాట్లాడే సభల్లో మాత్రం ఆ పేరు వినపడటం తక్కువ.

ఆమె చూసింది ఏమిటంటే, ఈ ఆడవాళ్లు రోజుకు ఆరేడు గంటలు, అంతకన్నా ఎక్కువ కూడా అల్లుతున్నారు. ఇంటి చాకిరీ దీనికి అదనం. వచ్చేది పొలం కూలికన్నా చాలా తక్కువ. అయినా వ్యాపారులూ అధికారులూ ఒకటే మాట చెబుతారు: ఇళ్లలో ఉండే ఆడవాళ్లు తీరిక వేళల్లో చేసుకునే పని అని. జనాభా లెక్కల్లోనూ వీళ్లు గృహిణులే, కార్మికులు కారు. సరుకు మాత్రం ఓడలెక్కి విదేశాలకు పోతుంది.

తీరిక అన్న మాట ఎలా పనిచేస్తుందో ఆమె పట్టుకున్నారు. తీరిక వేళ పని అంటే దానికి కూలి అడగక్కర్లేదు. చేతిఖర్చుకు ఏదో వస్తే చాలు. ఇంకో సంగతి కూడా గమనించారు. మొదట నిరుపేదలు నేర్చుకున్న ఈ విద్య, తర్వాత గడప దాటి కూలికెళ్లడం పరువు తక్కువ అనుకునే కాపు కుటుంబాల స్త్రీలలోకి విస్తరించింది. పొలానికెళ్లే దళిత స్త్రీకి వీళ్లకన్నా ఎక్కువ కూలి దొరికినా, ఇంట్లో కూర్చుని లేసు అల్లుకోవడమే గౌరవమనిపించింది. గౌరవం కోసం కూలిలో కొంత వదులుకున్నారన్నమాట. ఆ వదులుకున్నది ఎవరి జేబులోకి పోయిందన్నది అడగాల్సిన ప్రశ్నే. వ్యాపారం, ఏజెన్సీ, ఎగుమతి మగవాళ్ల చేతుల్లో ఉంది.

మీస్ 2023లో కన్నుమూశారు. ఆమె వచ్చి వెళ్లాక ఊళ్లు మారాయి. స్వయం సహాయక సంఘాలొచ్చాయి, కొంతమంది ఆడవాళ్లు సొంతంగా ఆర్డర్లు తీసుకుంటున్నారు, ఫోనులో ఫొటో పెట్టి అమ్ముకుంటున్నారు. కానీ 'ఖాళీగా ఉన్నప్పుడు అల్లేదేగా' అన్న మాట మా పెద్దమ్మ నోట నేను మొన్న విన్నాను.

ఇంటి దగ్గర కూర్చుని ముక్క లెక్కన పనిచేసేవాళ్లకూ తక్కిన కార్మికులతో సమానంగా హక్కులుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే ఒక ఒడంబడిక తెచ్చింది. 177వ నంబరుది. భారత్ దాన్ని ఇంకా ఆమోదించలేదు.

యంత్రం అల్లలేనిది

పోటీ గురించి పొడుగ్గా చెప్పేదేమీ లేదు. చైనా యంత్రాల మీద నేసిన లేసు చవగ్గా కుప్పలుగా వచ్చి పడింది. కరోనా ఏడాదిలో ఆర్డర్లు ఆగిపోయాయి. కూలి గిట్టక చాలామంది సూది వదిలి చెరువుల పనికో, గల్ఫుకో వెళ్లారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు తగ్గారు.

అయితే ఒకటుంది. యంత్రం క్రోషేలా కనపడే బట్టను నేస్తుంది, కానీ క్రోషే చెయ్యదు. కొక్కెం ఒక వలయంలోంచి దూరి, దారాన్ని అందుకుని, తిప్పి ఇంకో వలయంలోకి లాగే ఆ మెలికను చెయ్యి చేసినట్టు చేసే మర బజారులోకి రాలేదు. అంటే ప్రపంచంలో ఎక్కడైనా సరే, ఎంత చవగ్గా కొన్నా సరే, అసలైన క్రోషే ముక్క కనపడితే దాని వెనక ఎవరో ఒక మనిషి గంటలు ఉన్నట్టే. పదిరూపాయలకు దొరికిందంటే ఆ గంటలకు ఎవరికి ఎంత ముట్టిందో ఊహించుకోవచ్చు. ఈ సంగతి తెలిశాక నేను బజారులో లేసు గుడ్డ బేరమాడటం మానేశాను.

> పెట్టెలోంచి తీశాక
>
> పాత లేసు గుడ్డ పసుపెక్కి ఉంటే చల్లటి నీళ్లలో, ఘాటు లేని సబ్బుతో కాసేపు నానబెట్టండి. రుద్దొద్దు, పిండొద్దు. తువ్వాల్లో చుట్టి తడి అద్దండి. పల్చటి బియ్యపు గంజిలో ముంచి తీసి, దళసరి అట్ట మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద చక్రాన్ని సర్ది ప్రతి కొసనూ తుప్పుపట్టని గుండుసూదితో గుచ్చండి. నడిమి నుంచి అంచుకు సాగదీస్తూ రావాలి. నీడలో ఆరాక సూదులు తీస్తే మొదటిరోజు రూపం వస్తుంది. తీగకు వేలాడదీస్తే మాత్రం సాగిపోతుంది.

చిన్న నోట్‌బుక్

మా అన్నయ్య కూతురు, అంటే పెద్దమ్మ మనవరాలు, హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ క్రోషే పూలగుత్తులు అమ్ముతుంది. ఫోనులో చూసి నేర్చుకుంది. సొంత మామ్మ దగ్గర నేర్చుకోవచ్చని దానికి చాలాకాలం తోచనే లేదు. ఎందుకంటే మామ్మ అల్లేది 'లేసు', తను అల్లేది 'క్రోషే'. రెండూ ఒకటేనని తెలిసిన రోజు అది నాకు ఫోను చేసి అరగంట మాట్లాడింది.

దాని దగ్గర ఒక చిన్న నోట్‌బుక్ ఉంటుంది. ఆర్డరు రాగానే పేజీ తీసి, మొదలుపెట్టిన టైము, ఆపిన టైము రాస్తుంది. చివర్లో గంటలు కూడి, గంటకింత అని వేసుకుని, దారం ఖర్చు కలిపి రేటు చెబుతుంది. ఎక్కువంటే ఆ పేజీ ఫొటో తీసి పంపిస్తుంది. కొందరు వెనక్కి తగ్గుతారు, కొందరు కొంటారు. పేజీ చూశాక బేరమాడినవాళ్లు లేరత్తా అని చెప్పింది నాతో.

దసరాకు అందరం ఊళ్లో కలిశాం. అది మామ్మకూ ఒక నోట్‌బుక్ కొనుక్కొచ్చింది, పెన్నుతో సహా. "పని మొదలెట్టినప్పుడు టైము రాయి మామ్మా, లేచినప్పుడు రాయి" అని చెప్పింది. పెద్దమ్మ మొదట తోసేసింది. కళ్లజోడు లేదంది, చేతులు కడుక్కున్నాక పెన్ను పట్టుకుంటే సిరా అంటుతుందంది. చివరికి గోడగడియారం చూసి చెప్పేది ఆవిడ, రాసేది తొమ్మిదేళ్ల మనవడు అని ఒప్పందం కుదిరింది.

వారం తర్వాత వాడు ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపాడు. అంకెలు వంకరటింకరగా ఉన్నాయి. సోమవారం నాలుగు గంటల పది నిమిషాలు. మంగళవారం మూడున్నర. బుధవారం అయిదు. గురువారం నోము, ఒకటిన్నర. శుక్రవారం గడి ఖాళీగా ఉంది.

ఫోను చేసి అడిగాను.

"ఆ రోజు సాయంత్రం కరెంటు పోయిందే అమ్మాయ్. గడియారం కనపళ్లేదు. ఊరికే కూర్చోవడం ఎందుకని అరుగు మీద వెన్నెల్లో అల్లాను. చేతులకు తెలుసుగా, చూడక్కర్లేదు. ఓ ఆరు పూలయ్యాయి" అంది. కాసేపాగి, "అదీ రాయించాలంటావా?" అని అడిగింది.

"అదీ రాయించాలి పెద్దమ్మా."

"సరే, ఆరు పూలకు ఎంతసేపవుద్దో నువ్వే లెక్కగట్టి చెప్పు మరి. ఒరే, ఆ పుస్తకం ఇలా తే."